నింపిన క్యాసెట్

సిద్దిరాములు దుబాయి నుంచి సొంతూరు ఎల్లారెడ్డికి వచ్చి వారం దాటింది. ఆ రాత్రి వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. పక్కల పెండ్లాం భూమక్క లేదు. వంటింట్ల ఎవడో మగమనిషి మాట్లాడుతున్నడు. గడపదాక పోయి చెవి పెడితే ఆ గొంతు తనదే.

భూమక్కకు చదువు రాదని, దుబాయిల ఉన్న ఏండ్లన్నీ ఉత్తరాలకు బదులు తన మాటలతోని క్యాసెట్లు నింపి పంపిండు. ఎదురుంగ కూసున్నట్టే ఒక మాట అడిగి, ఆమె జవాబు చెప్పేటంత సేపు ఊకునేటోడు. ఇప్పుడు చిమ్నీ దీపం వెలుతుర్ల టేపురికార్డరు ముందట కూసోని ఆమె జవాబులు చెప్తున్నది. ఆ మొఖంల అంత నవ్వు తను వచ్చినంక ఒక్కనాడు గూడ చూడలేదు.

"భూమీ, నేను ఈడనే ఉన్న గదనే," అన్నడు మెల్లగ.

"జర ఊకోరాదు. ఆయన మాట్లాడుతున్నడు," అన్నది తల తిప్పకుండనే.

టేపు గరగరమన్నది. "ఇంట్ల ఇంకెవలన్న ఉన్నరా?" అని అడిగింది ఆ గొంతు.

ఆ మాట నింపినట్టు సిద్దిరాములుకు యాదికి లేదు.

భూమక్క అప్పుడు తిరిగి అతన్ని శానసేపు చూసింది. అంతసేపు టేపు ఊకున్నది.

"ఎవ్వలు లేరు," అన్నది.