బెత్తెడు ఎత్తు

మా కొడుకు షోకు కోసం పాత జీపును ఎత్తు చేయిస్తూ బాడీ కింద పెట్టించిన దిమ్మెలను మెకానిక్ లింగస్వామి ఊడదీశాడు. "జీపు ఎత్తున్నది, ఎక్కలేను" అని నా భార్య కౌసల్య షుగరు చూపించుకోవడానికి ఏడాదిగా పాలమూరు దవాఖానకు రావడం లేదు.

"పెద్దమ్మా, బెత్తెడు దించిన. ఇగ ఎక్కు."

ఆమె తలుపు పట్టుకుంది. కాలు లేవలేదు.

"ఇంక జర దించు బిడ్డా."

"ఇంక దించాలంటె చక్రాలే ఊడదియ్యాలె!" లింగస్వామి నవ్వాడు.

నేనూ నవ్వబోయాను. ఆమె చెప్పు జారింది. వట్టి పాదం కింద పడున్న, ఎండకు కాలుతున్న రేకు మీద ఆనింది. ఆమెకు తెలియనే లేదు.

ఇంట్లో మగ్గం తొక్కడం ఆమె ఏడాది కింద ఎందుకు మానేసిందో అప్పుడు అర్థమైంది.

"ఎప్పటిసంది కౌసల్యా?"

ఆమె నా వైపు చూడలేదు.

"గా దిమ్మెలు మళ్ల పెట్టియ్యి. జీపే ఎత్తున్నదని అనుకుందం."