మూడు మెట్లు

లైబ్రరీ మెట్ల ముందు చక్రాల కుర్చీలో ఆగిపోయిన నాన్న ఫోటో నేను పోస్టు చేసి నలభై రోజులైంది. అప్పట్నుంచి రోజూ లైబ్రరీ వాళ్ళ మీద దుమ్మెత్తిపోస్తూనే ఉన్నాను. వేలమంది ముక్కూ మొహం తెలియనివాళ్ళు నాతోపాటు మండిపడ్డారు. వడ్రంగం చేసే మా అక్క మాత్రం ఒక్క పోస్టూ షేర్ చేయలేదు. సొంత మనిషే చెయ్యిచ్చింది.

కొత్త ఫోటో కోసం ఇవాళ మళ్ళీ వెళ్ళాను. మూడు మెట్ల మీదా చెక్క ర్యాంపు! అక్క గరుకు కాగితంతో దాని అంచులు రుద్దుతోంది.

"లైబ్రేరియన్ని అడిగా, సరేనన్నాడు. రెండ్రోజుల పనిరా," అంది.

"నాకొక్క మాట చెప్పకుండానా? నా పోరాటమంతా నీరుగార్చేశావ్ కదక్కా!"

"నాన్నే నీకు చెప్పొద్దన్నారు."

ఇద్దరూ కలిసే నన్ను మోసం చేశారన్నమాట! ఒళ్ళు మండింది.

అంతలో తలుపు తెరుచుకుంది. ఒళ్ళో పుస్తకంతో, తన చేతుల్తో తనే చక్రాలు తిప్పుకుంటూ నాన్న కిందికి వచ్చారు. నా చెయ్యి దానంతటదే జేబులోని ఫోన్ తీసింది.

నాన్న పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఆ రోజు నిన్ను పిలిచింది కుర్చీకి ఓ చెయ్యి వెయ్యమనిరా, నాన్నా," అన్నారు.