గోరువంక మెచ్చిన లేపనం

మూడు కొండల అవతల నిద్రపోతున్న ఎలుగుబంటి కూడా లేచి కూర్చుని చెవులు నిక్కించేంత రసవత్తరంగా శృంగార కథలు చెప్పేది గోరువంక. సాయంత్రమైతే చాలు, మగపక్షులన్నీ పెళ్ళాలకు చెప్పకుండా చెరువుగట్టున చేరేవి. కథ మంచి పట్టులో ఉండగా గోరువంక గొంతు తగ్గించి, “వీరుడికి అంత మగసిరి ఊరికే వచ్చిందనుకున్నారా? అంతా నక్కగారి లేపనం మహిమ!” అనేది. ఆ ఒక్క మాటకే, లేపనం అమ్ముకునే నక్క దానికి రోజూ మేడిపళ్ళు పంపేది.

ఆ ఏడు వానలు వెలిశాక ఒక పడుచు నెమలికి మొదటిసారి పింఛం రాలిపోయింది. ఏటా రాలి మళ్ళీ మొలుస్తుందని దానికి తెలియదు. ‘ఇక ఏ ఆడనెమలి నా వంక చూస్తుంది?’ అని కుమిలిపోయింది. పెద్దలను అడగడానికి సిగ్గేసింది. కథలో విన్న లేపనం తెచ్చి గుట్టుగా పూసుకుంది. అడవి మొత్తం అంటుకున్నంత మంట! మొలుస్తున్న ఈకలు మొదలంటా మాడిపోయాయి. ఇక మొలవలేదు.

“మా నాన్నకీ ఏటా రాలి మళ్ళీ మొలిచేవయ్యా,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది దాన్ని మెచ్చిన ఆడనెమలి. “నన్నడిగితే చెప్పేదాన్ని కదా!”

తొలకరి పడింది. నెమళ్ళన్నీ పురివిప్పాయి. ఇది మాత్రం బోడి నడుముతో చెరువుగట్టుకు వెళ్ళింది.

“నన్ను అలా చూస్తావేం బావా?” అంది గోరువంక. “నేను కథ చెప్పాను, అంతే. మందు నక్కది.”

“నక్క చెబితే నేను పూసుకునేవాణ్ణా బావా?” అంది నెమలి.