కోడలి నడుము

కొడవలూరు దగ్గర ఓ పల్లె ఆసుపత్రి. వరండాలో బెంచీ ఖాళీగానే ఉంది. అయినా పద్మనాభయ్య కూర్చోలేదు. రోగిష్టివాళ్ళ బెంచీ మీద ఆయనెందుకు కూర్చుంటాడు! గోడకు ఆనుకుని నిలబడి, వచ్చినవాళ్ళనల్లా ఈసడిస్తున్నాడు. కోడలు కామాక్షి బెంచీ చివర తల దించుకుని కూర్చుంది.

మోకాలు పట్టుకుని కుంటుతూ వచ్చిన కూలీ మస్తానమ్మ ఆయన నోటికి దొరికింది.

“ఏందిమే, నీకూ నొప్పులేనా? మేం బస్తాలు భుజానేసుకుని పరిగెత్తినోళ్ళం. మగోడు నడుం పట్టుకుని ఆసుపత్రికొస్తే వాడు చీర కట్టుకోవాల.”

“మరి మీరెందుకొచ్చినారయ్యా?”

“ఈ మహారాణిని తెచ్చినా. నాట్లప్పుడు మంచమెక్కితే మడి ఎవురు నాటాల?”

అదీ సంగతి. నారు ముదిరిపోతోంది. కూలీలు అరకొరగా దొరుకుతున్నారు. కొడుకు కృష్ణపట్నం ప్లాంటులో డ్యూటీకి పోతాడు. కామాక్షి వంగకపోతే మడి బీడే. జాలిపడి తెచ్చాడనుకునేరు, పద్మనాభయ్య దగ్గర ఆ సరుకు ఏనాడూ లేదు.

డాక్టర్ విజయభాస్కర్ కొత్తవాడు, ఓపికస్తుడు. “చెప్పమ్మా” అన్నాడు.

“నడుం నొప్పి సార్. ఎడమ కాల్లోకి...”

“కుడి కాల్లోకి!” పద్మనాభయ్య కసిరాడు. “దీనికి కుడీ ఎడమా కూడా తెలవదు సార్. తుంటికాడి నుంచి పిక్క దాకా కరెంటు కొట్టినట్టు లాగుతాది. దగ్గినా ప్రాణం పోతాది.”

“ఆమెను చెప్పనివ్వండి. ఒంటేలుకు పట్టు తప్పుతోందా అమ్మా?”

కామాక్షి మామ వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

“అట్టాంటిదేం లేదు” అన్నాడు. సిగ్గు కూడా ఉందే ఈయనకు!

డాక్టరు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కుడి కాలు ఎత్తాడు. కాలు సులువుగా పైకి లేచింది.

“అంత లేవదు సార్! జానెడెత్తితే చచ్చిపోతాది!” అని పద్మనాభయ్య కోడలి వైపు గుడ్లురిమాడు.

“అబ్బా” అంది కామాక్షి, ఆలస్యంగా.

డాక్టరు తల గోక్కున్నాడు. “ఇంజెక్షన్ చేయిద్దామా?”

“సూదొద్దు సార్. మాత్రలియ్యండి, ఇంటికి తీసకపోతాం.”

ఈ చుట్టుపక్కల సూది వేయకపోతే అది వైద్యమే కాదు. వద్దన్న మనిషిని డాక్టరు మొదటిసారి చూశాడు. కాస్త గౌరవం కూడా కలిగింది. పాపం, చదువుకున్నవాడు.

“స్కానింగులు ఇప్పుడే అక్కర్లేదు. ఇది చాలామందికి తగ్గిపోయే నొప్పే. కొన్నాళ్ళు వంగే పని, బరువెత్తే పని వద్దు. అలాగని మంచానికి అతుక్కోకూడదు, మెల్లగా నడవాలి. నాట్లకు మాత్రం పంపకండి. మాటివ్వండి.”

“డాక్టరు మాట దేవుడి మాట సార్” అన్నాడు పద్మనాభయ్య, చేతులు జోడించి.

ఆ దేవుడి మాట ఒక్క పూట నిలబడింది. మర్నాడు పొద్దెక్కేసరికి కామాక్షి పిక్కల్లోతు బురదలో వంగి నారు నాటుతోంది. పద్మనాభయ్య గట్టు మీద మెల్లగా పచార్లు చేస్తూ, “వంగండి, వంగండి, ముచ్చట్లు తర్వాత” అని ఆడవాళ్ళను అదిలిస్తున్నాడు.

పక్కనే నాటుతున్న మస్తానమ్మకు కడుపు మండింది. నిన్న వరండాలో ఆమె అంతా విన్నది.

“డాక్టరు అంతగా వద్దన్నా దించినాడే, పాపిష్టోడు! నీ నడుం ఏం గావాల తల్లీ?”

కామాక్షి నిటారుగా నిలబడింది. గట్టు దాకా వినబడేలా గొంతెత్తింది.

“నా నడుముకేం రోగమక్కా, నొప్పి మా మామది; నలుగురిలో చెప్పుకునేదానికి నామోషీ అయి, నన్ను రోగిని చేసి తీసకపోయినాడు!”