ఆనపకాయ కేకు

"కేకులో ఆనపకాయేంటే? పుట్టినరోజు పూట పిల్లకి పెట్టేది ఇదా?" అంటూ రూతు కూతురి చేతిలోంచి తురుముపీట లాక్కుంది.

బేబి నవ్వుతూ మళ్ళీ తీసుకుంది. "నువ్వు చూస్తా ఉండమ్మా. తిన్నాక కూడా ఇందులో ఆనపకాయుందని ఎవరూ కనిపెట్టలేరు."

"అది కనిపెడుతుంది. కూర వండితేనే కంచం అవతలికి తోసేస్తుంది. ఇన్నాళ్ళకి వచ్చి, దానికి ఇష్టంలేనిదే వండుతావా?"

"దానికేం ఇష్టమో నాకు తెలిసి చచ్చిందా!" బేబి తురుముపీట కింద పెట్టేసింది. "సోమవారం మళ్ళీ ఫ్లైటెక్కాలి. వచ్చిన దగ్గర్నించీ నన్ను మీరు, అండీ అంటోంది. నేనేవన్నా దాని స్కూల్లో టీచర్నా? ఒక్కసారి అమ్మా అనిపించుకుని వెళ్ళాలని నాకుండదా?"

రూతు గిన్నెలు సర్దడం మొదలెట్టింది. సోమవారం అన్న మాట వింటేనే ఆమెకి భయం. చంటిపిల్లని తన చేతుల్లో పెట్టి బేబి మొదటిసారి కువైట్ వెళ్ళిన రోజునుంచీ ఇంతే. వీధిలో ఎవరి కారు డిక్కీ మూసిన చప్పుడైనా సరే, ఆమెకి ఒళ్ళు ఝల్లుమంటుంది.

గుమ్మంలోంచి జాస్మిన్ తొంగి చూసింది. "ఆవిడేం చేస్తున్నారు అమ్మమ్మా?"

"కేకు. నీకోసమే. రా, నువ్వూ కలుపుదువుగాని," అని బేబి పిలిచింది.

"ఆయ్, పర్లేదండి. మీరు చేసుకోండి," అనేసి పిల్ల మాయమైపోయింది.

"విన్నావా?" అన్నట్టు బేబి తల్లికేసి చూసి, కోరిన ఆనపకాయని గుడ్డలో వేసి గట్టిగా నీళ్ళు పిండింది. మైదా, గుడ్లు, బెల్లం పొడి, పచ్చికొబ్బరి, యాలకులు కలిపింది. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిలూ రబ్బరూ తీసేసి, గిన్నె అందులో దింపింది.

"ఎక్కడ నేర్చేవే ఈ పైత్యం?"

"కువైట్లోనే. ఆ ఇంటి పిల్ల కూరగాయ ముట్టుకునేది కాదు. మేడం నామీద కేకలేసేది. అక్కడ కూసా అని, మన ఆనపకాయ పిందెలాంటిది దొరుకుతుంది. ఓ రోజు అది కోరి కేకులో కలిపేశాను. గిన్నెతో సహా నాకేసింది. అప్పట్నించి ఏటా ఆ పిల్ల పుట్టినరోజుకి కేకు చేసేదీ, దానిమీద పేరు రాసేదీ నేనే."

కాసేపటికి కుక్కర్ మూత సందులోంచి వాసన బయలుదేరింది. గిన్నెలు సర్దుతున్న రూతు ఆగిపోయింది. బెల్లం, కొబ్బరి, యాలకులు, వాటి అడుగున ఎక్కడో పచ్చికాయ చలవ. ఈ వాసన ఆమెకి తెలుసు. చిన్నప్పుడు బేబి కూడా ఆనపకాయ ముట్టేది కాదు. కాయ కోరి, పిండి, కొబ్బరిపాలల్లో ఉడికించి, బెల్లం వేసి సేమ్యా పాయసమని నమ్మించేది రూతు. పొయ్యి పక్కన పీట వేసుకుని, ముక్కు మీద బెల్లం మరకతో, "ఇంకొంచెం సేమ్యా అమ్మా!" అంటూ గిన్నె చాపేది బేబి. అది ఊరు దాటాక రూతుకి ఆ పాయసం కాయబుద్ధి కాలేదు.

"ఇది నా పాయసమే కదే!"

"మరెవరిదనుకున్నావ్? అక్కడ కూసా కోరినప్పుడల్లా నువ్వే గుర్తొచ్చేదానివి. ఎన్నేళ్ళు సేమ్యా అని మోసం చేశావమ్మా నన్ను!"

"నమ్మినదానివి నువ్వు కాదేంటి, మొద్దు మొహమా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే రూతు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

కేకు చక్కగా పొంగింది. పైన ఎత్తుగా లేచిన పొర కోసి పక్కన పెట్టి, మిగతాదంతా తెల్లటి క్రీముతో అలికింది బేబి. పాల కవరు కడిగి, మూల కత్తిరించి, అందులో కరిగిన చాక్లెట్ నింపింది. "అది వస్తే నువ్వేం మాట్లాడకమ్మా, నేనే పిలుస్తాను. ఏం?" అని వెనక్కి తిరిగి తల్లికి చెబుతూనే చకచకా పేరు రాసేసింది. రూతు బైబిలైతే కూడబలుక్కుని చదువుకుంటుంది గాని, ఇంగ్లీషు అక్షరాలు ఆమె కంటికి పూలతీగలే. ఎంత అందంగా అల్లిందో అని మురిసిపోయింది.

గుమ్మం దగ్గర పట్టీల చప్పుడైంది. బేబి చేతులు తుడుచుకుంటూ అటు తిరిగి, కోసిన పొరలోంచి ఓ ముక్క అందించింది. జాస్మిన్ వాసన చూసి, కొసన కొంచెం కొరికింది. తరవాత మిగతాదంతా ఒక్కసారే నోట్లో కుక్కుకుంది.

"ఇందులో ఏం వేశారండి?"

"చెప్పుకో చూద్దాం."

"కొబ్బరి... సేమ్యానా?"

రూతు ఫక్కుమంది. బేబి పెదవి కొరుక్కుంది. జాస్మిన్ బుగ్గ నిండా కేకుతోనే అరచెయ్యి చాపింది. "ఇంకోటి పెట్టవా?"

పెట్టండి అనలేదు. పెట్టవా అంది. తల్లీకూతుళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బేబి ఈసారి పెద్ద ముక్క తుంచి ఆ చేతిలో పెట్టింది.

ఇంక రూతు ఉండబట్టలేకపోయింది. కేకు పళ్ళెం పిల్ల ముందుకి జరిపి, "ముందు నీ పేరు చూసుకోవే! ఎంత ముచ్చటగా రాసిందో!" అంది.

జాస్మిన్ నవ్వుతూ వంగింది. వేలు ఒక్కో అక్షరం మీదుగా మెల్లగా జరిగి, చివర ఆగిపోయింది. పిల్ల తలెత్తి బేబి కళ్ళలోకి చూసింది.

"అమ్మా... నూరా ఎవరు?"