బరువు చూసి కొన్న మిషన్

“ఏదో ఒకటి తేల్చు వసూ. మిషన్ వచ్చినాక ఇంక సుంకమ్మ ఎందుకు? రేపట్నుంచి రావద్దని చెప్పేసెయ్,” అన్నాడు సీతారామ్, హాల్లో నిలబెట్టిన రెండు వాక్యూమ్ క్లీనర్లను మార్చి మార్చి చూస్తూ.

“మెల్లగా మాట్లాడండి. పెరట్లోనే ఉండాది,” అంది వసుమతి.

పెరట్లో పనిమనిషి సుంకమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తుమకూరు నుంచి మిషన్లు తెచ్చిన సేల్స్‌మన్ తిరుమలేశ్ ఆ మాట తనకు వినపడనట్టు వైరు విప్పుకుంటున్నాడు.

పావగడ బజారులో వాళ్ల ఇల్లు అంగడి వెనకనే. ఈ ఏడూ వాన మొహం చాటేసింది. చేన్లన్నీ దుమ్మై గాలికి లేచి కిటికీల్లోంచి ఇంట్లోకి వస్తున్నాయి. దానికి తోడు ముందు అంగట్లోంచి వేరుశనగ పొట్టు. పొద్దున సుంకమ్మ ఊడ్చిపోతే మధ్యాహ్నానికి కాళ్ల కింద మళ్లీ గరగరమంటుంది. అప్పుడు చీపురు పట్టాల్సింది వసుమతే. ఆమెకేమో మణికట్లు, మోకాళ్లు, వేళ్ల కణుపులు అన్నీ నొప్పులే.

“కీళ్ల నొప్పులుండే వాళ్లకు ఇదమ్మా సరైంది,” అంటూ తిరుమలేశ్ పొడుగు కాడ ఉన్న మిషన్ ఆమె చేతికిచ్చాడు. “నడుము వంచే పని లేదు. గట్టిగా పట్టుకునే పని లేదు. ఊరికే అట్ల తోయండి, చాలు.”

వసుమతి భయపడుతూనే తోసింది. వాచిన వేళ్లు కాడ మీద ఆనించిందో లేదో, మిషన్ ముందుకు సాగిపోయింది. మూలనున్న పొట్టు మాయమైంది. చెయ్యి నొప్పి పుట్టలేదు. బీరువా దాకా పోయి వెనక్కి వచ్చింది. తనకు తెలియకుండానే నవ్వేసింది.

తల తిప్పి చూస్తే పెరటి వాకిట్లో సుంకమ్మ. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ కళ్లప్పగించి చూస్తోంది.

“అబ్బ! పరక లేకుండానే పోయె కదమ్మా కసువు!” అని, మళ్లీ గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.

వసుమతి నవ్వు ఆగిపోయింది. చేన్లల్లో కూలి లేని కాలం. సుంకమ్మకున్నది ఈ ఇల్లొక్కటే. తాను మంచం దిగలేని రోజుల్లో మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టింది ఆ చేతులే. తన నొప్పి తగ్గించుకోవడానికి ఆమె నోటికాడి కూడు లాగేస్తున్నట్టు అనిపించింది. మిషన్ కాడ పట్టుకోవడానికే సిగ్గేసింది.

“ఇది వద్దప్పా. ఆ రెండోది చూపించు,” అంది.

తిరుమలేశ్ తటపటాయించాడు. “అది పెద్ద పెద్ద ఆఫీసులకమ్మా. డ్రమ్ము మాదిరి బరువుంటాది. మీ ఇంట్లో గదికొక గడప ఉండాది. ప్రతి గడప కాడా ఎత్తి దాటించల్ల. మీ చేతులకు కాదు.”

వసుమతి వంగి దాన్ని ఎత్తబోయింది. అది నేల మీద నుంచి కదల్లేదు గానీ, మణికట్టు నుంచి మోచేతి దాకా నొప్పి జివ్వున పాకింది. పెదవి కొరుక్కుంది.

“ఇదే కావల్ల.”

“నీకేమన్నా మతి పోయిందా?” అన్నాడు సీతారామ్. “ఎవరు ఎత్తుతారు దీన్ని?”

“సుంకమ్మ ఎత్తుతాది. బరువుంటేనే దుమ్ము బాగా లాగేది. దీన్ని నడిపేకి ఎట్లాగూ మనిషి కావల్ల కదా.”

బరువుకూ దుమ్ముకూ సంబంధం లేదని చెప్పడానికి నోరు తెరిచిన తిరుమలేశ్, ఆమె చూపు చూసి ఊరుకున్నాడు.

“చేతులు నీవి, నొప్పి నీది. నీ ఇష్టం,” అని విసుక్కుంటూ సీతారామ్ అంగట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి తిరుమలేశ్ కూడా బరువైన మిషన్‌ను అట్టపెట్టెలో పెట్టి మూసి అక్కడే వదిలి, తేలికైనదాన్ని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మణికట్టు ఇంకా సలుపుతూనే ఉంది. అయినా గుండెల మీద రాయి తీసినట్టుంది వసుమతికి. ఈ మిషన్ ఈ ఇంట్లో ఉన్నంతకాలం సుంకమ్మను ఎవరూ పొమ్మనలేరు. ఆ మాట వెంటనే చెప్పాలనిపించింది.

“సుంకమ్మా, ఒకసారి ఇట్ల రా.”

సుంకమ్మ వచ్చింది. అట్టపెట్టెను చూసింది. చూసి గోడకు ఆనుకుని కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

“అయ్యో, ఏడవద్దే! మిషన్ వచ్చిందని నిన్నేమీ…”

“నన్ను చెప్పనీమ్మా. ఇప్పుడు చెప్పకపోతే మళ్లా చెప్పలేను.” సుంకమ్మ కళ్లు తుడుచుకుంది. “నా మోకాళ్లు కూడా అయిపోయినాయి. వంగితే లేసేకి రాదు. హిందూపురంలో మా చెల్లెలు ఓబక్క, చింతపండు గోడౌన్లో కూర్చొని చేసే పని చూసి పెట్టింది. రమ్మని శానా దినాల నుంచి పోరతాండాది. దినామూ నీకు చెప్పల్లనే వస్తి. నీ చేతులు చూసి, ఈ యమ్మను ఇట్ల ఇడిసిపెట్టి పోతే ఆ పాపం నాకే తగులుతాదని నోరు మూసుకొంటి.”

వసుమతి చూపు అట్టపెట్టె మీదికి పోయింది.

సుంకమ్మ లేచి, అట్టపెట్టెకు రెండు చేతులూ జోడించింది.

“నీ చేతులకు సరిపోయేదే చూసి తీసుకొంటివి, ఇంక నాకు ఏ పాపమూ లేదు. మధ్యాన్నం బస్సుకే పోతానమ్మా!”