ఊరుగాని ఊరి గడ్డ

తలుపు తీసేసరికి గడప ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. చేతిలో మట్టిపెళ్ల లాంటిదేదో పట్టుకుంది.

"ఏంది?" అంది అనసూర్య.

"ఇది మా ఊళ్లో మా పెరట్లోది బేటీ. మీకని తెచ్చాను" అంది ముసలమ్మ హిందీలో.

గోదావరిఖనిలో పుట్టి పెరిగిన అనసూర్యకు ఆ భాష కొత్త కాదు. మనిషే కొత్త.

"మాకెందుకు? ఎవలు పంపిండ్రు?"

"ఎవరూ పంపలేదు. అక్కడ ఉంటున్నాను." ముసలమ్మ కాలనీ వెనక కాంట్రాక్టు కూలీల రేకుల షెడ్లవైపు చూపించింది.

ఎవరో కూలీ తల్లి కాబోలు, ఇంత ఉప్పో పప్పో అడగడానికి వచ్చిందనుకుంది అనసూర్య.

"ఇదేం గడ్డ?"

"ఓల్."

నల్లగా, గుండ్రంగా, ఏనుగు పాదంలా ఉంది. కోస్తావాళ్లు దాన్నే కంద అంటారు. అనసూర్య చేత్తో కూడా ముట్టుకుని ఎరగదు.

లోపల మంచం మీద నుంచి ఆమె మొగుడు కొమురెల్లి అరిచాడు. "ఎవలే అది? పొమ్మను!"

కొమురెల్లి గని కార్మికుడు. పోయిన వానాకాలం గనిలో పైకప్పు కూలింది. పక్కన పనిచేస్తున్న మనిషి బండ కింద పోయాడు. కొమురెల్లి ఒంటి మీద గీత కూడా పడలేదు.

అదృష్టవంతుడన్నారు అందరూ.

ఆ రోజు నుంచే డ్యూటీకి పోవడం మానేశాడు. తాగేవాడు, పడుకునేవాడు. అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి వదిలేసేవాడు. ఏమైందని అడిగితే గోడవైపు తిరిగేవాడు.

"నాకు దీన్ని వండుడు రాదు అమ్మా" అంది అనసూర్య.

"నేను చెప్తాను."

ముసలమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది.

తొక్క తియ్యడం మొదలుపెట్టిందో లేదో అనసూర్య చేతులు మండిపోయాయి. ఒకటే దురద.

"అయ్యో, గిదేం గడ్డనే తల్లీ!"

ముసలమ్మ నవ్వింది. నానబెట్టిన చింతపండు తీసి అనసూర్య అరచేతులకూ, వేళ్ల సందులకూ నెమ్మదిగా రాసింది. కడుపున పుట్టినదానికి రాసినట్టే రాసింది.

"పులుపు తగిలితే దీని పొగరు పోతుంది."

"మీరెట్ల వండుతరు?"

"ఆవనూనెలో. ఆవాలు నూరి వేస్తాం."

"మా ఇంట్ల గది నడువది. పులుసు పెడుత."

ముక్కల్ని పసుపు వేసి చింతపండు రసంలో మెత్తగా ఉడికించింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, మెంతులు, కరివేపాకుతో తాలింపు పెట్టింది. వేయించిన నువ్వులు నూరి కలిపింది. దించేముందు చిన్న బెల్లం ముక్క వేసింది.

వాసనకు కొమురెల్లి లేచి కూర్చున్నాడు.

"ఏం కూర?"

"తిని చూడు."

మొదటి ముద్ద అనుమానంగా తిన్నాడు. రెండోది కొంచెం పెద్దగా కలిపాడు. పళ్లెం ఖాళీ అయింది.

"ఇంకింత పెట్టు."

ఆ మాట ఆ ఇంట్లో విని ఎన్నాళ్లయిందో! అనసూర్య గరిటె నిండా తీసి వడ్డించింది.

ముసలమ్మ గుమ్మం దగ్గర కూర్చుని అతను తినడమే చూసింది. కన్నార్పలేదు. చివరి ముద్ద దాకా చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. తనకు పెట్టిన పళ్లెం ముట్టనే లేదు.

తెల్లారి కొమురెల్లి మళ్లీ తాగి వచ్చాడు. వాకిట్లో కక్కుకుని అక్కడే పడ్డాడు.

పక్క క్వార్టరు మల్లక్క వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. "దిష్టే పిల్లా! నోట్లె ముద్ద గట్ల కన్నార్పకుంట చూస్తే తాకదా? ఊరుగానోళ్లను ఇంట్లకు రానిస్తరా ఎవలన్న?"

అనసూర్య మొగుణ్ని లోపలికి ఈడ్చి, వాకిలి కడిగింది. కోపం ఎవరిమీదైనా తీర్చుకోవాలనిపించింది. ఆ పడుకున్న మనిషి మీద తీరేది కాదు.

సాయంత్రం ముసలమ్మ ఇంకో గడ్డ తీసుకుని వచ్చింది.

"ఈరోజు తిన్నాడా బేటీ?"

"నీ గడ్డ తిని సావుకొచ్చిండు! నీ కొడుకు తింటుంటే ఎవలన్న అచ్చి గట్ల నోట్లె ముద్ద చూస్తే నీకు మంచిగుంటదా?"

ముసలమ్మ గడ్డను మెల్లగా మెట్టు మీద పెట్టింది.

"అతన్ని తాగనివ్వకు బేటీ."

"మా సంసారం సంగతి నీకెందుకు? ఇంకోసారి మా గడప తొక్కకు!"

అనసూర్య తలుపు వేసేసింది. ముసలమ్మ కనుమరుగయ్యాక బయటికొచ్చి ఆ గడ్డను మురుగు మోరీలోకి విసిరేసింది.

మర్నాడు మధ్యాహ్నం కూలీల మేస్త్రీ సదయ్య వచ్చాడు.

"కొమురెల్లి లేడా చెల్లె?"

"ఏడుంటడన్నా? బ్రాందీ దుకాణంల."

సదయ్య నిట్టూర్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ముసలమ్మను రామగుండం టేషన్ల బండెక్కిచ్చి అస్తున్న. బండెక్కే ముందు నా ఫోన్ల ఇంటికాడి ముసలాయనతోని మాట్లాడింది. 'ఆ మనిషి బాగున్నడు, డ్యూటీకి పోతుండు, నా ముందటనే కడుపునిండ తిన్నడు' అని చెప్పింది. నాకేమనాల్నో తెల్వలే."

అనసూర్యకు అర్థం కాలేదు.

"ఆమెకు మా ఆయన ఫికరెందుకన్నా? ఇంతకూ ఎవలామె?"

సదయ్య తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"కొమురెల్లి నీకేం చెప్పలేదా చెల్లె? ఆనాడు కప్పు కూలంగ మీ ఆయనను అవతలికి నూకి, తను బండ కింద పడ్డ పిల్లగాని తల్లి."